జమాత్ తలుపు మూసుకుంటే అతడు ఎక్కడికి పోవాలి?

‘మన ఇళ్లలో షరాబు లేదు, అది హరామ్’ అన్న మాట ఇచ్ఛాపురంలో మేము ఎన్ని సభల్లో విన్నామో లెక్కలేదు. హరామ్ అన్నది నిజం. అల్ మాయిదా అధ్యాయం 90వ ఆయత్ తర్వాత వాదానికి చోటు లేదు. ఇళ్లలో లేదన్నది మాత్రం అబద్ధం. ఆ అబద్ధానికి మూల్యం చెల్లిస్తున్నది మన ఆడపడుచులు.

మానుకోదలచినవాడు తరచుగా రంజాన్ నెలనే ఎంచుకుంటాడు. సంకల్పం గొప్పదే. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగిన దేహం ఒక్కసారిగా మానితే ఊరుకోదు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. రెండు మూడు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి, లేని మనుషులు కనబడతారు. ప్రాణం పోగల స్థితి అది. వైద్యుని పర్యవేక్షణలో, మందులతో దాటించవలసిన రోజులవి. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉన్నదని వేరే చెప్పాలా? మనమేమో జిన్ను పట్టిందని తాయెత్తు కట్టిస్తాము. అవే ఫిట్స్ పక్కింటి పసివానికి వస్తే 108కి ఫోన్ చేస్తాము!

షరాబు తాగి శిక్ష పొందిన ఒకానొక వ్యక్తిని ఎవరో శపించగా దైవప్రవక్త (స) వారించారనీ, అల్లాహ్‌పైనా ప్రవక్తపైనా అతనికి ప్రేమ ఉన్నదని చెప్పారనీ సహీహ్ బుఖారీలో ఉన్నది. అతడు ఒక్కసారి కాదు, పలుమార్లు పట్టుబడినవాడు. మరి మనమో? మాకు తెలిసిన ఒక యువకుడు నాలుగు నెలలు మానుకొని నమాజుకు రాసాగాడు. సఫ్‌లో పక్కన నిలిచిన పెద్దమనిషి అతని చొక్కా వాసన చూసి నవ్వాడు. (మేమూ అక్కడే ఉన్నాము, ఏమీ అనలేదు.) తర్వాతి జుమాకు ఆ యువకుడు రాలేదు.

ఉద్దానం కిడ్నీ రోగులను ఏ పాపం చేశావని ఎవరూ అడగలేదు. ఊళ్లు కలిసి ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరుచుకున్నది. తాగుడు వ్యసనమూ వ్యాధే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తన నిర్వచనంలోనే దానిని చేర్చింది. 18వ సెక్షన్ కింద ప్రభుత్వ వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కు. రిజర్వేషన్ల కోసం, వక్ఫ్ భూముల కోసం అర్జీలు రాసిన మనం ఈ హక్కు కోసం ఒక్క కాగితమైనా రాశామా? ఫైళ్ల మధ్య జీవితం గడిపినవాళ్లం గనుక చెబుతున్నాము, అర్జీ పెట్టనివాని పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

సర్కారు సంగతి తెలిసిందే. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. 2019లో ప్రభుత్వ దుకాణాలు, 2024లో మళ్లీ ప్రైవేటువి. వాదులాట అంతా దుకాణం గురించే, మానుకునేవాని పడక గురించి కాదు.

జాతీయ వ్యసన విముక్తి సహాయవాణి 14446. ఆ నంబరును మస్జిద్ నోటీసు బోర్డుపై రాయడానికి ఏ జీవో అక్కరలేదు. రంజాన్‌కు నెల ముందే ఇమాం సాహెబ్ ఖుత్బాలో వైద్యుని వద్దకు వెళ్లమని చెప్పవచ్చు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోవడంతోనే ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. మనకూ అటువంటి కూర్చోవడం కావాలి, వారానికి ఒక పూట. వారి భార్యలకు విడిగా మరొక పూట. మస్జిద్ వెనుక గది గురువారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. తాళంచెవి కమిటీ వద్ద ఉన్నది.