సన్నబియ్యము, పేదవాని కంచము

1983లో నందమూరి తారకరామారావుగారు కిలో రెండు రూపాయలకే బియ్యము ఇప్పింప నారంభించిన నాటినుండియు మనవారి చౌకబియ్యపు చర్చ యంతయు ధర చుట్టును, తూకము చుట్టునే తిరుగుచు వచ్చినది. ధర పెరిగినది, తరిగినది, రూపాయికి దిగినది, తుదకు ఉచితమైనది. మనిషికి నాలుగు కిలోలా, ఐదా, ఆరా యని వాదములు జరిగినవి. ఆ బియ్యము ఉడికిన పిమ్మట తినువాని నోటికి హితవుగా నుండునా యను ప్రశ్న మాత్రము ఏలికలకు చాలకాలము తోచలేదు.

చౌకదుకాణమున డీలరు కాటామీది దొడ్డుబియ్యమును సంచిలో కుమ్మరింపగనే, ఇల్లాలు గుప్పెడు గింజలు అరచేతిలోనికి తీసికొని, వాసన చూచి, నూకలను బెడ్డలను వేలితో ప్రక్కకు నెట్టి, మారుమాటాడక సంచిమూతి కట్టుకొనుట నేను పలుమారులు చూచితిని. ఆ సంచి వంటయింటికి గాక వీథిమలుపున కాచుకొనియున్న మారుబేరగానికి పోయెడిది. అచటినుండి మిల్లునకును, మిల్లునుండి ఒక్కొక్కప్పుడు మరల సర్కారు గోదామునకును చేరెడిది. అమ్ముకొనువానికి ఆకలి యెక్కడిదని కడుపు నిండినవారు ఆక్షేపించిరి. ఇది అన్యాయమైన మాట. వారు అమ్మినది ఆకలి లేక కాదు. వచ్చిన కొద్దిపాటి డబ్బునకు తమ కూలిడబ్బులు కొంత చేర్చి, పిల్లలు తినగల బియ్యము కొనుటకు.

ఇందువలననే, 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో తెలంగాణ ప్రభుత్వము మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చు పథకము నారంభించుటను నేను మనసార మెచ్చుకొందును. సన్నవడ్లు పండించిన రైతునకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు నిచ్చుటయు దీనితో ముడిపడినదే. మోకాటిలోతు బురదలో నడుము వంచి సన్నరకము నాట్లు వేసిన కూలిస్త్రీకి, ఆ గింజ తన కంచమున కనబడుటకు ఇన్ని దశాబ్దములు పట్టవలసినది కాదు.

అయినను వట్టి అన్నము భోజనము కానేరదు. 2013లో ఉమ్మడి రాష్ట్రమున 'అమ్మహస్తం' పేర కందిపప్పు, పామాయిలు, చింతపండు మొదలగు 9 సరకులు 185 రూపాయలకు ఇచ్చిరి, అది నిలువలేదు. ఎదుగు పిల్లలున్న యింట పప్పు కొనలేక పచ్చిపులుసుతో పూట గడుపుకొను తల్లులు నేటికిని కలరు. ప్రభుత్వమువారు బియ్యముతోనే ఆగక, కార్డునకు నెలకొక కిలో కందిపప్పునైనను అదే దుకాణమున, అదే దినమున, కొనగల ధరకు ఇప్పింపవలెనని ప్రార్థించుచున్నాను.