కోనసీమ తోటలందలి గంధవ్యవహారము

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, కొత్తపేట లంకలు మొదలుకొని అమలాపురము మీదుగా రాజోలు వఱకు వ్యాపించిన కొబ్బరితోటలలో, మట్టల నీడను కోకోయు అరటియు, బోదెలను పెనవేసికొన్న మిరియపుతీగెలు, అడుగున కందయు పసుపును కలసి పెరుగుట చూచి రైతు నేర్పును మెచ్చనివారుండరు. కాని ఆ మెప్పు నీడ, నీరు, రాబడి అను లెక్కలతోనే ముగియుచున్నది. ఆకు విడుచు గంధమును, వేరు స్రవించు రసమును ఏ జీవిని పిలుచుచున్నవి, దేనిని తఱుముచున్నవి అను విచారము అంతరపంట యెంపికలో కానరాదు. ఈ లోపము చిన్నది కాదని నా దృఢాభిప్రాయము.

ఉదాహరణకు, కొమ్ముపురుగు కొబ్బరి మొవ్వును తొలచినచోట చెట్టురసము పులియును. ఆ వాసన పట్టియే ఎఱ్ఱముక్కు పురుగు వచ్చి గాయమున గ్రుడ్లు పెట్టును. అంతటితో ఆగక, ముందు చేరిన మగపురుగు తాను వెలువరించు వేఱొక గంధముతో తన జాతిని ఆడమగ భేదము లేక రప్పించును. 1993లో శాస్త్రజ్ఞులు గుర్తించి ఫెరుజినియోల్ అని పేర్కొన్న ఆ ద్రవ్యమే నేటి ఆకర్షక బుట్టలలో నున్నది. దానికి కల్లో చెఱకుముక్కలో తోడైననేగాని బుట్ట చక్కగా పనిచేయదు. పురుగు పిలుపునకు చెట్టు వాసన తోడుపడవలెనన్నమాట. పచ్చిమట్టను మొదలంట నఱుకక నాలుగడుగుల తొడిమ విడువుమని చెప్పుటయు, కోతగాయపు వాసనకు వచ్చు పురుగు బోదెను చేరకుండుటకే.

ఇట్లే, నల్లతల పురుగు కొబ్బరియాకు గీకి కట్టుకొను గూటి వాసనను అనుసరించియే గోనియోజస్ అను పరాన్నజీవి దానిని వెదకి పట్టును. విషపు మందు చల్లినచో ఆ మిత్రకీటకమే ముందు నశించును.

అట్లని పలుపంటలు కలిపినంతనే తోటకు రక్షణ కలుగునని నమ్మరాదు. 2016లో తమిళనాట పొల్లాచ్చి ప్రాంతమున బయటపడి మన తోటల కెక్కిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరిని, అరటిని, జామను ఆశ్రయించుచున్నది. అయినను దాని నణచు ఎన్‌కార్సియా కందిరీగకును ఆ అరటియాకే ఆశ్రయ మగుచున్నది! ఒకే మొక్క శత్రువునకును మిత్రునకును విడిదియైనచోట, ఏ పంట ప్రక్క ఏ పంట యుండవలెనను ప్రశ్నయే ప్రధానము. కెన్యాలో మొక్కజొన్న నడుమ డెస్మోడియమును, గట్టున నేపియర్ గడ్డిని పెంచి కాండము తొలుచు పురుగును లోపలనుండి తఱిమి వెలుపలకు లాగుట ఏండ్ల తరబడి గంధములను పరీక్షించినందున సాధ్యమైనది, ఊరక కలిపి నాటినందున కాదు.

అట్లు పరీక్షింపదగిన మొక్కలలో మనకు బంతి యున్నది. దాని వేళ్లలోని ఆల్ఫా టెర్థైనిల్ నులిపురుగులను చంపును. అరటి వేళ్లను తొలుచు నులిపురుగుపై దీనిని నియోగింపవచ్చును. పప్పుజాతి మొక్కల వేళ్లు ఫ్లేవనాయిడ్లను స్రవించి రైజోబియమును చేరబిలుచును. మిత్రకీటకముల పెంపకమున అనుభవముగల అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రము ఈ వేరురసముల పరీక్షను కూడ చేపట్టి, కోకో మొక్క నిచ్చునపుడే దాని పొరుగున నుండదగినదేదో రైతునకు చెప్పవలెను. ఆ పరీక్ష లంకల ఒండ్రునేలలోను, రాజోలు దిగువ ఉప్పునేలలోను వేర్వేఱుగా జరుగవలెను. ఏలయన వేరు విడిచిన రసము ఎంతకాలము నిలుచునో నిర్ణయించునది ఆ నేలయే.