రీమ్యాప్‌కి డబ్బులున్నాయి, క్లచ్‌కి లేవా?

ఫోన్ కొనేటప్పుడు మన జాగ్రత్త అంతా ఇంతా కాదు. 120 వాట్ల ఛార్జర్ అనగానే కేబుల్ ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుంది, బ్యాటరీ ఎంత వేడెక్కుతుంది అని కామెంట్లలో కొట్టుకుని మరీ తేల్చుకుంటాం. అదే మనిషి కారు దగ్గరికొచ్చేసరికి "స్టేజ్ 1 కొట్టించా బ్రో, 70 న్యూటన్ మీటర్లు పెరిగింది" అంటాడు. ఆ పెరిగిన టార్క్‌ని గేర్‌బాక్స్‌కి అందించే క్లచ్ ఎంత మోయగలదు అని అడిగితే మాత్రం సమాధానం ఉండదు.

గాడ్జెట్ సైట్‌లో క్లచ్ గోల ఏంటి అనుకోకండి. ఈ రోజుల్లో కారు ట్యూనింగ్ అంటే ఒక ల్యాప్‌టాప్, ఒక కేబుల్, ఒక ఫైల్. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లాంటిదే. కానీ ఇక్కడ హార్డ్‌వేర్ లిమిట్ దాటితే యాప్ క్రాష్ అవ్వదు. తణుకు దాటి రావులపాలెం వైపు 16వ నంబర్ హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. అందుకే నా మాట సూటిగా చెప్తా. క్లచ్ కెపాసిటీ తెలియకుండా టార్క్ పెంచడం అప్‌గ్రేడ్ కాదు, వాయిదా వేసిన రిపేరు.

లెక్క చాలా చిన్నది

క్లచ్ మోయగల టార్క్ నాలుగు అంకెల గుణకారం. ఘర్షణ గుణకం, ప్రెజర్ ప్లేట్ నొక్కే బలం, ప్లేట్ సగటు వ్యాసార్థం, రాపిడి ముఖాల సంఖ్య. బీటెక్ ఫస్టియర్ మెకానిక్స్ చాలు.

ఉదాహరణకి 0.3 గుణకం, 6000 న్యూటన్ల బలం, 9 సెంటీమీటర్ల వ్యాసార్థం, రెండు ముఖాలు అనుకోండి. వచ్చేది 324 న్యూటన్ మీటర్లు. పోలో జీటీ టీడీఐ 1.5 లాంటి 250 న్యూటన్ మీటర్ల బండికి ఇది హాయిగా సరిపోతుంది. దాన్ని రీమ్యాప్‌తో 320కి తీసుకెళ్తే మిగిలే మార్జిన్ నాలుగే. ట్రాఫిక్‌లో ప్లేట్ వేడెక్కి గుణకం 0.25కి పడిందా, కెపాసిటీ 270కి దిగిపోయింది. ఇక జారుడే.

జారినప్పుడు ఆ పవర్ ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. 270 న్యూటన్ మీటర్ల దగ్గర 300 ఆర్‌పీఎం జారితే దాదాపు 8.5 కిలోవాట్ల వేడి. అంటే మన ఇంట్లో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు నాలుగు ఆ చిన్న డబ్బాలో ఒకేసారి ఆన్ చేసినట్టు. వేడికి గుణకం ఇంకా పడుతుంది, ఇంకా జారుతుంది. అందుకే మొదటిసారి జారిన క్లచ్ ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవదు.

ఓబీడీ డాంగిల్‌తో పట్టేయండి

ఇది మన ఏరియా. బ్లూటూత్ ఈఎల్ఎమ్327 డాంగిల్, ఫోన్‌లో లాగింగ్ ఉన్న ఏదైనా ఓబీడీ యాప్ చాలు. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఒక గేర్‌లో ఉన్నంతసేపు ఆర్‌పీఎంని స్పీడుతో భాగిస్తే ఒకే అంకె రావాలి. క్లచ్ జారితే తప్ప అది మారదు.

ఖాళీ రోడ్డు చూసుకుని, ఫోన్ పక్క సీట్లోవాళ్ల చేతికిచ్చి, నాలుగో గేర్‌లో నెమ్మదిగా 60లో వెళ్లండి. 2000 ఆర్‌పీఎం చూపించిందనుకుందాం, నిష్పత్తి 33.3. ఇప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. 75 దగ్గర 2500 ఉండాలి. 2800 చూపిస్తే మిగతా 300 క్లచ్‌లో కాలిపోతున్నట్టే.

చవక డాంగిల్‌లో రీడింగులు కాస్త వెనకబడతాయి, స్పీడు కూడా పూర్ణాంకాల్లోనే వస్తుంది. కాబట్టి రెండు మూడు శాతం తేడాకి కంగారు పడొద్దు. మూడుసార్లు చేసినా టార్క్ ఎక్కువగా ఉండే చోటే అంకె ఎగబాకి, కాలు తీయగానే దిగిపోతుంటే అప్పుడు నమ్మండి. పెద్ద టైర్లు వేయించి ఉంటే వేరేవాళ్ల అంకెతో పోల్చకండి. మీ బండి అంకె మీదే.

అన్నిటికీ ప్లేటే కారణం కాదు

"క్లచ్ పోయింది" అని ఒక్క మాటలో తేల్చేసి గేర్‌బాక్స్ దించేసే ముందు ఇవి చూడండి:

- పెడల్ తొక్కితే శబ్దం వస్తే అనుమానం రిలీజ్ బేరింగ్ మీద. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద.
- రివర్స్ గేర్ గీసుకుంటూ పడుతూ, పెడల్ మెత్తగా ఉంటే హైడ్రాలిక్ లైన్‌లో గాలి చేరి ఉండొచ్చు, లేదా సిలిండర్ లీకవుతుండొచ్చు.
- బండి కదిలేటప్పుడు వణికితే ప్లేట్ మీద ఆయిల్ పడి ఉండొచ్చు, ఫ్లైవీల్ మీద వేడికి మచ్చలు పడి ఉండొచ్చు, లేదా ఇంజిన్ మౌంట్లు అరిగి ఉండొచ్చు.
- ఐడ్లింగ్‌లో, ఇంజిన్ ఆపేటప్పుడు గలగల వస్తే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ చూపించండి.

మన డెల్టాకి ఇంకో సంగతి ఉంది. వానాకాలం నీళ్లలో నడిపి, తుడవకుండా వారాల తరబడి షెడ్డులో వదిలేస్తే ప్లేట్ తుప్పుతో ఫ్లైవీల్‌కి అతుక్కుపోవచ్చు. అది అరుగుదల కాదు. ఇక సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే బండ్లు పంతంగి టోల్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా హాఫ్ క్లచ్‌లో పాకుతూ వస్తాయి. ఆ వేడి మీదే ఇక్కడికొచ్చి ఫ్రెండ్స్ ముందు లాంచ్ కొడితే క్లచ్‌ని తిట్టి లాభం లేదు.

ఏం చేయాలంటే

ముందు క్లచ్, తర్వాత మ్యాప్. ట్యూనర్‌ని రెండు అంకెలు అడగండి. పెరిగాక పీక్ టార్క్ ఎంత, అది ఏ ఆర్‌పీఎంలో వస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా ఎగిరే టార్క్‌ని కొంచెం తగ్గించి మెల్లగా పెరిగేలా చేయమనండి. షో తగ్గుతుంది, క్లచ్ బతుకుతుంది.

మార్చాల్సి వస్తే ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ సెట్‌గా మార్చండి. అదే పనిలో క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా చూపించండి. కొత్తది వేశాక మొదటి 500 కిలోమీటర్లు ఊళ్లో మామూలుగా నడపాలి. కాలువ వంతెన ఎక్కే చోట ఆగితే హాఫ్ క్లచ్‌తో కాదు, హ్యాండ్ బ్రేక్‌తో నిలబెట్టండి.

"రేసింగ్ క్లచ్ వేసేస్తే గొడవ వదిలిపోతుంది" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నొక్కే బలం పెరిగితే పెడల్ బరువెక్కుతుంది, ఆ భారం ఫోర్క్, హైడ్రాలిక్స్, క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. సిరామిక్ ప్లేట్ ట్రాక్ మీద బాగుంటుంది, తణుకు బస్టాండ్ సెంటర్‌లో ఆగి కదిలిన ప్రతిసారీ కుదుపుతుంది. టార్క్‌కి కొంచెం పైన సరిపోయే ఆర్గానిక్ ప్లేట్ చాలు.

దాచిపెట్టి అమ్మకండి

నాకు అసలు కోపం వచ్చేది ఇక్కడ. క్లచ్ జారడం మొదలవగానే స్టాక్ ఫైల్ ఎక్కించి "సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్" అని అమ్మేస్తారు. ఆ మిగిలిన అరుగుదల బిల్లు అప్పు చేసి మొదటి కారు కొనుక్కున్న కుర్రాడి మీద పడుతుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు పైన చెప్పిన ఓబీడీ టెస్ట్ టెస్ట్ డ్రైవ్‌లోనే చేయండి. పది నిమిషాల పని.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని వచ్చింది.

మోడిఫికేషన్‌కి నేను వ్యతిరేకం కాదు. స్పెక్ షీట్ సగమే చదివి డబ్బు కట్టడానికి వ్యతిరేకం. బడ్జెట్‌లో క్లచ్‌కి చోటు లేకపోతే ఈ ఏడాదికి రీమ్యాప్ మానేయండి. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించండి. కార్నర్‌లోనూ, వానలోనూ తేడా మీకే తెలుస్తుంది.