కార్డు ఉచితం, మరి ఖర్చు ఎవరిది?

ఆరోగ్యశ్రీ మొదలైంది మా శ్రీకాకుళం జిల్లాలోనే అన్న సంగతి చాలామందికి గుర్తుండదు. 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట ఈ పథకం పెట్టిన మూడు జిల్లాల్లో మాదొకటి. మిగిలినవి అనంతపురం, మహబూబ్‌నగర్. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల వైద్యం. 2023 డిసెంబరులో ఆ పరిమితి 25 లక్షలయింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 5 లక్షల ఆయుష్మాన్ కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. అంటే కాగితం మీద మా ఊళ్లలో ప్రతి ముసలమ్మా లక్షాధికారే. మరి ఆ లక్షాధికారి బి.పి. మాత్రలు అయిపోతే పింఛను వచ్చేదాకా ఎందుకు ఆగుతోంది?

ఈ బీమా ఆసుపత్రి మంచం ఎక్కిన రోగాన్నే ప్రధానంగా లెక్కపెడుతుంది. వృద్ధాప్యంలో మనిషిని తినేసేవి ఎక్కువగా మంచం ఎక్కించని జబ్బులు. బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఏళ్ల తరబడి ఉంటాయి, నెలనెలా మందులు అడుగుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలుంటే సరే, లేకపోతే మందుల షాపే గతి. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. బియ్యం, కూర, కరెంటు, మనవడి పుస్తకాలు, అన్నీ అందులోంచే. మాత్రలు మానేసి పక్షవాతం వస్తే లక్షలు ఇస్తామంటారు. రాకుండా ఆపే మాత్రలకు మాత్రం హామీ లేదు.

ఉద్దానం సంగతి చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు కూలిపోయాయో చెప్పనక్కర్లేదు. జనం ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఇవన్నీ మన హక్కులే, వీటిని తక్కువ చేయను. కానీ డయాలసిస్ ఉచితమైనంత మాత్రాన వైద్యం ఉచితం కాలేదు. వారానికి రెండు మూడు సార్లు ఆటో, బస్సు. పెద్ద ఆపరేషనుకి విశాఖపట్నం పోవాలంటే ఇచ్ఛాపురం నుంచి రెండువందల కిలోమీటర్ల పైమాటే. సీతంపేట కొండల్లో రోడ్డు లేని గూడేల నుంచి ముందు డోలీ, ఆ తరవాతే వాహనం.

తోడు ఎవరు వెళతారు? కొడుకు హైదరాబాదులోనో చెన్నైలోనో కూలి. వెళ్లేది కోడలో, కూతురో. జీడిపప్పు బట్టీలో ఆమెకు ఆ రోజు కూలి పోతుంది. ఆసుపత్రి వరండాలో పడుకుని ముసలమ్మకు తినిపించి, బట్టలు మార్చి, కాగితాల కోసం ఈ గదికీ ఆ గదికీ తిరిగేది ఆమే. ఆ శ్రమే లేకపోతే ఏ ప్యాకేజీ నడవదు. దానికి రేటు మాత్రం ఏ ప్యాకేజీలోనూ లేదు. 2019 డిసెంబరులో 'ఆరోగ్య ఆసరా' పెట్టినప్పుడు, కోలుకునే రోగికి రోజుకు 225 రూపాయల చొప్పున ఇవ్వాలన్నారు. రోగి కూలి పోతుందని గుర్తించారు. చాకిరీ చేసే ఆడమనిషి కూలీ పోతుందని గుర్తించలేదు.

ఈ లెక్కల మధ్యే ముసలావిడ వైద్యం వాయిదా పడుతుంది. తాతకి గుండెనొప్పి అంటే అప్పు చేసైనా బయలుదేరతారు. మామ్మకి అయితే "ఈ వయసులో కోతలెందుకు" అంటారు. ఆమె కూడా "నాకేటైపోతాది, ఒగ్గీండర్రా" అంటుంది. అది త్యాగం కాదు, ఇంటి ఖర్చుల్లో తన చోటు తెలిసిన మనిషి మాట.

కార్డుతో ఇంకో చిక్కు. 70 ఏళ్లని నిర్ణయించేది ఆధార్. ఫలానా తుపాను ముందో వెనకో పుట్టానని చెప్పే మనిషికి ఎవరో గుమాస్తా అంచనాగా వేసిన సంవత్సరమే ఆమె వయసైంది. బడి సర్టిఫికెట్టు లేని ఆడవాళ్లే ఇందులో ఎక్కువ నష్టపోతారు.

కొన్ని సంగతులు మన ఊళ్లలో చాటి చెప్పాలి. వైద్యసేవ ప్యాకేజీలో పరీక్షలు, మందులు, భోజనం, ఇంటికి వెళ్లాక పది రోజుల మందులు, తిరుగు ప్రయాణపు ఛార్జీ కలిసే ఉంటాయి. "ముందు స్కానింగుకి కట్టండి" అని అడిగితే రసీదు తీసుకోండి, ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను నిలదీయండి, 104కి ఫిర్యాదు చేయండి.

ఈ పథకం డబ్బులో ఎక్కువ భాగం మొదటి నుంచీ ప్రైవేటు ఆసుపత్రులకే పోయింది. బకాయిలు రాలేదని అవి 2024లోనూ 2025లోనూ సేవలు ఆపినప్పుడు నష్టపోయింది రోగులే. 2.5 లక్షల దాకా వైద్యాన్ని బీమా కంపెనీల ద్వారా ఇప్పించాలని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. చెల్లింపు తగ్గితే లాభపడే కంపెనీ మన మామ్మల పక్షాన నిలుస్తుందని నేను నమ్మను.

అందుకని పరిమితి ఎన్ని లక్షలన్నది మన ప్రశ్న కాకూడదు. నెలనెలా మాత్రలు ఊళ్లోనే అందాలి. రోగికి, తోడు వెళ్లే మనిషికి దారి ఖర్చు, ఆమెకు ఆ రోజు కూలి ఇవ్వాలి. కాగితం లేని వృద్ధురాలి వయసును ప్రభుత్వ డాక్టరే పరీక్షించి రాసివ్వాలి. ఊరి నుంచి ఎందరు ఆడవాళ్లు, ఎందరు మగవాళ్లు ఈ వైద్యం పొందారో ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ లెక్క బయటపెట్టమని మన సంఘాలు వచ్చే గ్రామసభలోనే అడగాలి.