ఇంటి వేరుసెనగను కాయలుగానే దాచవలెను

స్ట్రాబెరి పండులో యాంటీఆక్సిడెంటులు కలవనియు, చల్లగా దాచనిచో కొద్దినాళ్లకే అది చెడుననియు పట్టణములలో చెప్పుకొందురు. అనంతపురం మెట్టలకు ఆ పండు సరిపడదు. అయితే అట్టి పదార్థములు గల పంట మన కళ్లములలోనే కలదు. అది వేరుసెనగ. దాని నిలువ విషయమున మనము చూపు అశ్రద్ధ బాధ కలిగించుచున్నది.

వేరుసెనగ పప్పులో సగమునకు దగ్గరగా నూనె ఉండును. నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసినప్పుడు కనరెక్కును. దీనిని అడ్డుకొను పదార్థములే యాంటీఆక్సిడెంటులు. పప్పులోని ఇ విటమిను అట్టిది. 100 గ్రాముల పప్పులో అది సుమారు 8 మిల్లీగ్రాములుండును. పప్పునంటియుండు ఎర్రని పొట్టులో మరియొక రకపువి దట్టముగా ఉండును. వేడి, వెలుతురు, గాలి, తేమ తగిలినకొలది ఇవి నూనెను కాపాడుటలో ఖర్చయిపోవును. పైడొల్ల ఉన్నంతకాలము ఆ పని నెమ్మదిగా జరుగును. ఒలిచిన పప్పుకు ఆ చాటు లేదు. విరిగిన పప్పు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక మన యిండ్లలో జరుగునదేమి? మంచి కాయలు అంగడికి పోవును. విరిగినవి, నొక్కులు ఇంటికి మిగులును. కొందరు పప్పు విరుగకుండ కాయలపై నీరు చల్లి మరలో ఒలిపించి, ఆ పప్పును సంచులలో కట్టి, రేకుల కొట్టములో వేసవి అంతయు ఉంచుదురు. పిల్లలు తినునది అది! తేమ తగిలిన పప్పుకు బూజుపట్టి అఫ్లటాక్సిన్ అను విషము చేరవచ్చును. వేయించినను అది పూర్తిగా పోదు.

అప్పుగలవాడు పంటనంతయు నిలువ చేయలేడు. ఆ మాట నేను కాదనను. కాయలు ఎక్కువ చోటు ఆక్రమించుననుటయు నిజమే. కాని ఇంటి వాడుకకు ఉంచుకొను నాలుగు సంచులకు ఆ చిక్కు లేదు. ఊపినచో గలగలలాడువరకు కాయలను ఎండబెట్టి, గోనెసంచులకెత్తి, గోడకు తగులకుండ చెక్కబల్లలపై నీడలో పేర్చవలెను. పక్షమునకు సరిపడునంతే ఒలుచుకొనవలెను. పచ్చడికి వేయించిన పప్పును నలిపి పొట్టు చెరిగి పారబోయుట మనకలవాటు. బూజు పప్పును ముందే ఏరివేసి, ఆ పొట్టును ఉండనిచ్చినచో కొంచెము వగరు తగులును, అంతే.

2020లో విడుదలైన గిర్నార్-4, గిర్నార్-5 రకముల నూనెలో ఓలియిక్ ఆమ్లము సుమారు 80 పాళ్లు ఉండుటచే అవి త్వరగా కనరెక్కవు. కదిరి-6 వేయు సోదరులు కొద్ది చేనిలోనైనను వీనిని వేసి చూడవచ్చును.

గ్రామోద్యోగులు విత్తనపు కాయలు పంచు దినమున ఇంటి నిలువను గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపి చూపించినను చాలును.