అంతరిక్ష యుద్ధానికి స్వాగతం.. నిద్రను మాత్రం పణం పెట్టకండి

‘ఈవ్ ఆన్‌లైన్’ అనే అంతరిక్ష యుద్ధాల ఆటలో కొత్తగా ఖాతా తెరిచారా? లేక మీ ఇంట్లో అబ్బాయో, అమ్మాయో తెరిచారా? కంగారు పడకండి. ఆడొద్దని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీ చూసే డాక్టరుగా నా పేచీ అంతా వేళాపాళా గురించే.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లోని సీసీపీ గేమ్స్ సంస్థ 2003 మే నెలలో ఈ ఆటను విడుదల చేసింది. చైనాకు విడిగా సర్వర్ ఉంది. మిగతా ప్రపంచమంతా ఒకే విశ్వంలో కలిసి ఆడుతుంది. 2016 నవంబరు నుంచి డబ్బు కట్టకుండానే మొదలుపెట్టొచ్చు. గనులు తవ్వుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, ‘కార్పొరేషన్’ అనే జట్టులో చేరి యుద్ధానికి వెళ్లొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇక్కడ ఓడ పేలిపోతే పోయినట్టే. మళ్లీ కొనుక్కోవాల్సిందే. ఆట అంత ఉత్కంఠగా ఉండటానికి కారణం అదే.

చేతులు వణుకుతున్నాయా?

మొదటిసారి మరో మనిషి నడిపే ఓడతో తలపడినప్పుడు చాలామందికి చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఇది జబ్బు కాదు. పోతుందేమోనన్న భయం నిజమైనదే కాబట్టి ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. కాసేపట్లో దానంతటదే తగ్గుతుంది. అయితే ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే ఆట మీదకు నెట్టేయకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.

ఆ ఉద్వేగం మీద పడుకుంటే నిద్ర రాదు. యుద్ధం ముగిసిన తర్వాత పక్క ఎక్కడానికి కనీసం గంట వ్యవధి ఉండాలి. మెలకువ కోసం కాఫీ తాగితే అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుందని మరవకండి.

వాళ్ల సాయంత్రం.. మన అర్ధరాత్రి

ఈ ఆటలో గడియారం మొత్తం యూటీసీ ప్రకారం నడుస్తుంది. మనకంటే అయిదున్నర గంటలు వెనక. లండన్‌లో కుర్రాడు భోంచేసి రాత్రి 7 గంటలకు ఆటకు కూర్చుంటే, మనకు ఎండాకాలంలో 11:30, చలికాలంలో 12:30 అవుతుంది. అతనికి కాలక్షేపం, మనకు నైట్ డ్యూటీ. పైగా పెద్ద యుద్ధాల్లో సర్వర్ మీద భారం తగ్గించడానికి ఆటలో కాలాన్ని పదో వంతు వేగం దాకా నెమ్మదింపజేస్తారు. పది నిమిషాల పని వంద నిమిషాలు పట్టొచ్చు. 2014 జనవరిలో ‘బీ-ఆర్5ఆర్‌బీ’ అనే చోట జరిగిన యుద్ధం సుమారు 21 గంటలు సాగింది. అతి భారీ ఓడలైన టైటాన్లు 75 నాశనమయ్యాయి. ఆట చరిత్రలో అదో ఘనత. కానీ అన్ని గంటలు కుర్చీలో కూర్చోవడానికి మన ఒళ్లు తయారు కాలేదు.

కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం నిలుస్తుంది. రెప్పలు తక్కువసార్లు వాలి కళ్లు పొడిబారతాయి. మూత్రం ఆపుకొంటారు, అందుకోసం నీళ్లూ తాగరు. మర్నాడు తలనొప్పి, మంట, నడుం నొప్పి అంటూ మా ఓపీకి వస్తారు. రాత్రి ఎన్నింటికి పడుకున్నారని అడిగితే తప్ప అసలు సంగతి బయటపడదు.

దీనికి మందు ఆటలోనే ఉంది. జట్టులో చేరేముందు ‘మీరు ఏ వేళల్లో ఆడతారు?’ అని అడగండి. ఆస్ట్రేలియా, తూర్పు ఆసియా వేళల్లో ఆడే జట్లు ఉన్నాయి. వాళ్ల సాయంత్రాలు మనకు మధ్యాహ్నం, సాయంత్రం అవుతాయి. సెలవు రోజుకు సరిగ్గా సరిపోతాయి.

పడుకున్నా నైపుణ్యం పెరుగుతుంది

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. రాత్రంతా కూర్చుంటే పాతవాళ్లను అందుకోవచ్చనుకుంటారు. ఈ ఆటలో పైలట్ నైపుణ్యాలు వరుసలో పెట్టి వదిలేస్తే, మీరు కంప్యూటర్ కట్టేసినా అవి పెరుగుతూనే ఉంటాయి. కొన్నింటికి రోజులు, మరికొన్నింటికి వారాలు పడుతుంది. మేలుకుని ఉన్నంత మాత్రాన అవి వేగంగా రావు. అందుకే వరుస పెట్టేసి పడుకోండి. పెద్దలకు కనీసం 7 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

పోతే భరించలేనిది ఎక్కొద్దు

పాత ఆటగాళ్లు కొత్తవాళ్లకు మొదట చెప్పే సూత్రం ఇది: పోతే భరించలేని ఓడ ఎక్కొద్దు. నా దృష్టిలో ఇంతకు మించిన ఆరోగ్య సలహా లేదు. చిన్న ఓడలతో మొదలుపెట్టండి, నాలుగు పోగొట్టుకోండి, నేర్చుకోండి. పరీక్ష ముందు రాత్రి, ఉద్యోగంలో ముఖ్యమైన రోజు ముందు రాత్రి కూడా పోతే భరించలేని ఓడలే.

డబ్బుకూ ఇదే లెక్క. ఇక్కడ అసలు డబ్బుతోనూ కొనుక్కునే వీలుంది. నెలకు ఇంత అని ముందే అనుకోండి, నాన్నగారి కార్డు వివరాలు అందులో దాచిపెట్టకండి. జీటా అనే వాణిజ్య కేంద్రంలో ‘డబ్బు పంపితే రెట్టింపు చేసిస్తాం’ అనేవాళ్లు బోలెడుమంది ఉంటారు. నమ్మితే గోవిందా. మంచివాళ్లకూ కొదవలేదు. 2004 నుంచి ‘ఈవ్ యూనివర్సిటీ’ అనే ఆటగాళ్ల బృందం కొత్తవాళ్లకు ఉచితంగా పాఠాలు చెబుతోంది. ఒంటరిగా కుస్తీ పడేకన్నా అలాంటి చోట చేరడం మేలు.

అమ్మానాన్నలకు ఒక మాట

పిల్లాడు జట్టుతో యుద్ధంలో ఉండగా రౌటర్ తీగ పీకకండి. అవతల అతన్ని నమ్ముకున్నవాళ్లు ఉంటారు. ‘ఎన్నింటికి అవుతుంది నాన్నా?’ అని ముందే అడగండి, ఆ మాట మీద అతన్ని నిలబెట్టండి. భోజనానికి లేవనివ్వని జట్టును మార్చుకోమనండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను ఐసీడీ-11 జబ్బుల జాబితాలో చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. గంటల లెక్క చూసి జబ్బని తేల్చరు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం.. ఈ మూడూ సాధారణంగా ఏడాది పాటు కొనసాగి, చదువునో, ఉద్యోగాన్నో, కుటుంబ బంధాలనో బాగా దెబ్బతీస్తే అప్పుడు జబ్బుగా చూస్తారు. వారానికి రెండు సాయంత్రాలు ఆడి, వేళకు తిని పడుకునే పిల్లాడికి ఆ పేరు తగిలించడం అన్యాయం. కానీ ఆ లక్షణాలు కనిపిస్తుంటే ఏడాది దాకా ఆగకండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టరుగా నాకు నచ్చిన సంగతి ఒకటుంది. 2020లో కొవిడ్ రోజుల్లో ఈ ఆటగాళ్లు ‘ప్రాజెక్ట్ డిస్కవరీ’ అనే చిన్న ఆట ద్వారా రక్తకణాల సమాచారాన్ని వర్గీకరించి పరిశోధకులకు సాయపడ్డారు. ఓడలు పేల్చుకునే చోట సైన్సుకు పనికొచ్చే పని కూడా జరిగింది. ‘ఆటలన్నీ వృథా’ అనేముందు ఇది గుర్తుచేసుకోండి.

కొత్త పైలట్లూ, ఈ వారం మూడు పనులు చేయండి. జట్టు ఆడే వేళలు అడిగి తెలుసుకోండి. 40 నిమిషాలకోసారి లేచి నీళ్లు తాగి నాలుగడుగులు వేయండి. రాత్రి 10 గంటలకు నైపుణ్యాల వరుస పెట్టి కంప్యూటర్ కట్టేయండి. పొద్దున లేచేసరికి మీ పైలట్ కాస్త ఎదిగి ఉంటాడు, మీరూ హుషారుగా ఉంటారు.