పన్ను కట్టిందెవరు? జమ అయిందెవరి ఖాతాలో?

మన ఊళ్ల నుంచి అమెరికా చదువులకు పోయిన పిల్లలు మొదటి వారంలోనే బిత్తరపోయే సంగతి ఒకటుంది. డల్లాస్‌లో అన్నం వండుకునే గిన్నె మీద ధర 10 డాలర్లని ఉంటుంది. గల్లా కాడ మాత్రం 10 డాలర్ల 83 సెంట్లు అడుగుతారు. మన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అక్కడ ధర వేరు, పన్ను వేరు.

ఆ పన్ను 8.25 శాతం. అందులో 6.25 శాతం టెక్సాస్ రాష్ట్రానిది. ఒక శాతం డల్లాస్ నగరానిది. మరో శాతం బస్సులు, రైళ్లు నడిపే 'డార్ట్' సంస్థది. దీన్ని 1983లో జనమే ఓటేసి ఒప్పుకున్నారు. కొంచెం అవతల ఉన్న ఫ్రిస్కో పట్నం డార్ట్‌లో చేరలేదు. అక్కడా 8.25 శాతమే, కానీ ఆ శాతం ఊరి అభివృద్ధి సంస్థలకు పోతుంది. బియ్యం, కూరగాయల మీద పన్ను లేదు. అయితే వ్యక్తుల ఆదాయపు పన్ను లేని రాష్ట్రమది. కోటీశ్వరుడైనా కూలివాడైనా గిన్నె మీద కట్టేది ఒకే పన్ను. ఇది న్యాయమని మేం అనం.

అసలు తగాదా ఇంకోచోట ఉంది. టెక్సాస్ కంపెనీకి ఇంట్లో కూర్చొని ఆర్డరిస్తే స్థానిక వాటా చాలావరకు కొన్నవాడి ఊరికి రాదు, అమ్మినవాడి ఊరికి పోతుంది. అందుకే కొన్ని పట్నాలు కంపెనీలను పిలిచి, వచ్చిన పన్నులో కొంత తిరిగి వాళ్లకే ఇచ్చేలా ఒప్పందాలు చేసుకున్నాయి. 2020లో రాష్ట్రం నిబంధన మారిస్తే ఆ పట్నాలు కోర్టుకెక్కాయి.

ఈ పంచాయితీ మనకు కొత్తదా? ఉమ్మడి రాష్ట్రంలో ఎన్నో కంపెనీల పెద్దాఫీసులు హైదరాబాద్‌లోనే ఉండేవి. ఎక్కడో అమ్మిన సరుకు పన్ను కూడా ఇక్కడి లెక్కలోకే ఎక్కేది. దాచుకోకుండా చెప్పుకుందాం, ఈ ముల్లు మనల్నీ గుచ్చుతుంది. 2014 విభజన చట్టం 50వ సెక్షన్ పాత అమ్మకపు పన్ను బకాయిలను మదింపు జరిగిన చోటున్న రాష్ట్రానికే ఇచ్చింది. దాని మీద ఆంధ్రప్రదేశ్ చేసే ఫిర్యాదును కొట్టిపారేయడం మాకు చేతకాదు. వాటా కోసం కొట్లాడినవాళ్లం, ఎదుటివాడు వాటా లెక్క అడిగితే చెవులు మూసుకోవద్దు కదా!

2017 జులై 1న జీఎస్‌టీ వచ్చింది. సరుకు చేరిన రాష్ట్రానికే పన్ను అన్నారు. రాష్ట్రాల మధ్య ఈ సూత్రం మంచిదే. మరి ఊరి సంగతేంది? సిరిసిల్లలో ఫ్రిజ్ కొని బిల్లు చూడండి. పన్ను రెండు గీతలుగా ఉంటుంది, సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. సిరిసిల్ల పేరున మూడో గీత లేదు. మోరీ కట్టాల్సింది, చెత్త ఎత్తాల్సింది మాత్రం సిరిసిల్ల మున్సిపాలిటీయే. అది ఇంటిపన్ను వసూలు చేసుకొని, మిగతా పైసలకు హైదరాబాద్ దిక్కు చూడాలి. ఒకప్పుడు మనం అడిగిన లెక్కనే ఇప్పుడు ఊళ్లు మనల్ని అడుగుతున్నాయి.